మూడు లైన్లూ, ఒక మెట్ల మలుపూ

ఆ ఉదయం అనుకున్న పని చాలా చిన్నది. పది గంటలకి అమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చోవాలి. అరగంట పరీక్ష. ఆ అరగంటా ఇంట్లో ఎవరూ ఫోను ముట్టుకోకూడదు. అంతే. ముగ్గురు అన్నదమ్ములున్న ఇంట్లో ఊరికే ఉండటం కన్నా కష్టమైన పని ఇంకోటి లేదని ఎవరికీ తోచలేదు.

ఇల్లు ఒకటే, వాటాలు మూడు. కింద కుడివైపుది పెద్దాయనది. తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేశాడు కాబట్టి వీధిలో అందరూ తూనికలాయన అంటారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ కిరాణా కొట్లలో రాళ్ళు తూచాడు, రిటైరయ్యాక తమ్ముళ్ళని తూస్తున్నాడు. కింద ఎడమవైపుది ఆఖరివాడిది. కళ్ళద్దాల షాపు నడుపుతాడు. ఊరందరి చూపూ సరిచేస్తాడు కానీ, పెద్దన్నయ్య వైపు మాత్రం నేరుగా చూడడు. పై వాటా మధ్యవాడిది, అంటే అమ్మాయి తండ్రిది. లాండ్రీ ఉంది. మనిషి మాట తక్కువ. పై వాటా గోడకి ఆనుకునే ఒక లేత్ వర్క్‌షాపు ఉంది. పగలంతా ఇనుము అరుస్తూనే ఉంటుంది.

అమ్మాయి తల్లికి పుట్టుకతోనే వినపడేది కాదు. అమ్మాయికి మాటల కన్నా ముందు సైగలు వచ్చాయి. తండ్రికీ వచ్చు. ఆ ఇంట్లో మిగిలినవాళ్ళెవరికీ రావు. అన్నేళ్ళు ఒకే గుమ్మంలోంచి నడిచారు, ఒక్క సైగ నేర్చుకోలేదు. తిన్నావా అని అడగడానికి నోటి దగ్గర వేళ్ళు పెట్టడం తప్ప. తీరిక లేదన్నారు. గోడలు కొలుచుకోవడానికి మాత్రం తీరిక ఉండేది.

అమ్మాయి పరీక్ష ఉద్యోగం కోసం. వినపడని రోగులకీ డాక్టర్లకీ మధ్య, తెర మీద కనిపిస్తూ, సైగల్లో అనువాదం చెప్పే పని. ఇంట్లో కూర్చునే చేయవచ్చు. ఆమెకి ఈ ఉద్యోగమే కావాలి. తల్లి పోయేముందు ఆసుపత్రిలో ఉన్నప్పుడు పిల్లల్ని లోపలికి రానివ్వలేదు. తండ్రి మందులకి పరుగెత్తాడు. డాక్టరు వచ్చి పావుగంట చెప్పాడు. పక్కనున్న తూనికలాయన అంతా విని, మంచం వైపు తిరిగి, చెయ్యి ఒకసారి గాల్లో ఊపాడు. ఏం లేదు, తగ్గిపోతుందని. పావుగంట మాటకి ఒక్క ఊపు. ఆ మనిషి జీవితంలో వేసిన తప్పు తూకం అదొక్కటే అనుకుంటే పొరపాటు, కానీ అదే పెద్దది.

మొదటిసారి పరీక్షలో అమ్మాయి సైగ తప్పలేదు, లైను తప్పింది. మాత్ర, వేసుకో, వద్దు అని మూడు సైగలు చేయాలి. రెండో సైగ దగ్గర బొమ్మ బిగుసుకుపోయింది. అవతల నిజంగా రోగి ఉంటే ఆ మాత్ర వేసుకునేవాడే. సరైన లైను ఏర్పాటు చేసుకుంటే ఇంకొక్కసారి చూస్తామన్నారు. ఆ తర్వాత ఇంక చూడమన్నారు.

వేగంగా పోయే ఇంటర్నెట్ లైను ఆ వీధికి ఇంకా రాలేదు. వచ్చేస్తోందని చెప్పడం మాత్రం ఎప్పుడో వచ్చింది. లైన్‌మాన్ ఒక ఉపాయం చెప్పాడు.

"మీ ఇంట్లో వాటాకొకటి చొప్పున మూడు డిజిటల్ ఫోను లైన్లున్నాయి. మూడింటినీ ఒక పెట్టెలో కలిపితే పెద్ద లైనులా పనిచేస్తాయి. బొమ్మని ముక్కలు చేసి మూడు దారుల్లో పంపుతుంది. అవతల మళ్ళీ అతుక్కుంటుంది."

"ఎవరి లైనులో ఎన్ని ముక్కలు?" అన్నాడు తూనికలాయన.

"ఇంచుమించు సమానంగానే అండీ."

"ఇంచుమించు అంటే? కొలిచి చెప్తున్నావా, నోటికొచ్చింది చెప్తున్నావా?"

లైన్‌మాన్ నవ్వాడు. ఈ ఇంటికి కొత్త కదా. "తీగలు కూడా మూడూ ఒకే పొడవుంటే మేలు" అని ఇంకో మాట విసిరాడు. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

తూనికలాయన లోపలికి వెళ్ళి టేపు తెచ్చాడు. ఒకరి వాటా నుంచి ఎక్కువ తీగా, ఇంకొకరి వాటా నుంచి తక్కువ తీగా పోవడానికి వీల్లేదన్నాడు. తమ్ముడు అద్దాలాయన టేపు రెండో కొస పట్టుకున్నాడు. అన్న మీద గౌరవంతో కాదు, కొస జరుపుతాడేమోనన్న అనుమానంతో. ముగ్గురి వాటాలకీ సమాన దూరంలో ఉన్న చోటు వెతికితే అది మెట్ల మలుపు దగ్గర తేలింది. పంపకాల్లో ఎవరి పేరునా రాయడం మర్చిపోయిన చోటు అదొక్కటే. కాబట్టి ఎవరూ ఊడ్వరు. అమ్మాయి ఊడుస్తుంది.

"పెదనాన్నా, మా గదిలో పెట్టుకుంటే తలుపేసుకోవచ్చు కదా?" అంది అమ్మాయి.

"మీ గదిలో పెడితే మా తీగలు మీ వాటాలోకి వచ్చినట్టు. రేపు మావే అంటే?"

"తీగల్ని నేనేం చేసుకుంటాను పెదనాన్నా?"

"నువ్వేం చేసుకోవు తల్లీ. కోర్టు చేసుకుంటుంది."

బాబాయి కూడా తలూపాడు. అన్నదమ్ములిద్దరూ ఒక మాట మీదకి రావడం ఆ ఇంట్లో అరుదు. వచ్చినప్పుడల్లా మధ్యవాడికి ఏదో ఒకటి పోతుంది.

అలా మెట్ల మలుపులో బల్ల, బల్ల మీద కంప్యూటర్, పక్కన పెట్టె వెలిశాయి. పెట్టెకి వరసగా మూడు పచ్చ దీపాలు. లైన్‌మాన్ తీగలు బిగించి, "పరీక్ష అయ్యేదాకా ఎవరూ ఫోను ఎత్తకండి. ఎత్తితే ఆ లైను గుంపులోంచి విడిపోతుంది" అని, టీ తాగి వస్తానని పోయాడు. దీపాల సంగతి ఏమీ చెప్పలేదు. అడిగినవాళ్ళూ లేరు. మూడు లైన్లు, మూడు దీపాలు. ఇంక అడగడానికి ఏముంది? పెద్ద నుంచి చిన్నకి వరసగా ఎవరి దీపం వాళ్ళదని తూనికలాయన తేల్చేశాడు.

పదయింది. అమ్మాయి నల్ల చొక్కా వేసుకుని కూర్చుంది. చేతులు స్పష్టంగా కనపడాలంటే వెనక నల్లటి గుడ్డే ఉండాలి. తండ్రి తనే ఒక్క మడత లేకుండా ఇస్త్రీ చేసి ఇచ్చి, పై మెట్టు మీద కూర్చున్నాడు. కింది మెట్ల మీద తూనికలాయన, ఆయన భార్య, అద్దాలాయన నిలబడ్డారు. కాపలాకట. మెట్ల మలుపు అంటే నాలుగు వైపులా తెరిచిన చోటు. కెమెరాకి అమ్మాయి వెనక ఈ ముగ్గురూ నిలువెత్తున కనిపిస్తున్నారు.

"మీరు లోపలికి వెళ్ళండి పెద్దమ్మా, వెనక కనిపిస్తారు."

"కనిపిస్తే ఏం? మేమేమన్నా దొంగలమా?" అంది పెద్దమ్మ, కొంగు సర్దుకుంటూ.

తెర వెలిగింది. అవతల ఇద్దరు. ఒకాయన డాక్టరు మాటలు పైకి చదువుతాడు. ఆయన పక్కన జుట్టు నెరిసిన పెద్దావిడ. ఆవిడే ముఖ్య పరీక్షకురాలు. ఆవిడకి వినపడదు. ఆయన చదివేది అమ్మాయి విని, సైగల్లో ఆవిడకి చెప్పాలి. ఒక మాట కలపకూడదు, ఒక మాట వదలకూడదు.

మొదటి అయిదు నిమిషాలు చక్కగా సాగాయి. బొమ్మ నీళ్ళలా కదిలింది. పెద్దావిడ తలూపుతోంది. అక్కడితో ఆపి ఉంటే అందరూ సుఖపడేవాళ్ళు. కానీ తూనికలాయన తెర వైపు చూడలేదు. దీపాల వైపు చూశాడు.

మొదటి దీపం నిలకడగా వెలుగుతోంది. మూడోది ఆగకుండా మిణుకుమిణుకుమంటోంది. మధ్యది అసలు వెలగలేదు.

"చూశావా?" అన్నాడు గుసగుసగా. "నా లైను దించకుండా మోస్తోంది. నీది ఆగి ఆగి పనిచేస్తోంది."

"ఆగి ఆగి కాదు పెద్దన్నయ్యా, పరుగెడుతోంది" అన్నాడు అద్దాలాయన. "నీదే కదలకుండా కూర్చుంది. ఉద్యోగంలో కూర్చున్నట్టు."

"నోరు జాగ్రత్త."

"అది సరే, మధ్యది చూడు. చిన్నన్నయ్య దీపం వెలగనే లేదు."

ఇద్దరూ ఒక్కసారిగా పై మెట్టు వైపు చూశారు. కూతురు వాళ్ళదీ, ఉద్యోగం వాళ్ళదీ, పని చేస్తున్న లైన్లు మాత్రం తమవీ. ఇద్దరికీ ఒకేసారి ఒళ్ళు మండింది.

"ఏరా, నీ లైను ఇవ్వకుండా మా రెండింటి మీదే నడిపిస్తున్నావా?" అన్నాడు తూనికలాయన. గుసగుస అప్పటికే మాటైంది.

తండ్రి తల అడ్డంగా ఊపి, వేలు పెదాల మీద పెట్టుకున్నాడు.

"నోరు మూసుకోమంటున్నాడు చూశారా మిమ్మల్ని!" అంది పెద్దమ్మ. "ఇచ్చినవాళ్ళకి ఇదీ మర్యాద."

అద్దాలాయనకి ఇంకో అనుమానం వచ్చింది. తన దీపం అంతలా కొట్టుకుంటోందంటే తన లైను అరిగిపోతోందేమో. షాపుకి బేరాలు వచ్చే లైను అది. గబగబా తన వాటాలోకి వెళ్ళి ఫోను ఎత్తి చెవిలో పెట్టుకున్నాడు. మాట్లాడొద్దన్నారు గానీ వినొద్దని అనలేదుగా. ఎత్తిన ఫోను కంగారులో పక్కన పెట్టేసి తిరిగొచ్చాడు.

ఆయన లైను గుంపులోంచి ఊడిపోయింది. తెర మీద పెద్దావిడ ముఖం పలకలు పలకలుగా విరిగింది. అదే క్షణంలో మధ్య దీపం భగ్గున వెలిగింది.

"వెలిగింది! సిగ్గొచ్చింది ఇప్పటికి!" అని తూనికలాయన చప్పట్లు కొట్టాడు.

అమ్మాయి వెనక్కి తిరగలేదు. బొమ్మ విరిగితే చేతులు నెమ్మదిగా కదపాలని ఆమెకి తెలుసు. నెమ్మదిగా కదిపింది.

"వెలిగితే వెలిగింది, ఇన్నాళ్ళూ మన సొమ్మే తిన్నట్టు అయింది కదా" అంది పెద్దమ్మ. ఇన్నాళ్ళూ అంటే ఏడు నిమిషాలు. "నేనిప్పుడే టెలిఫోను ఆఫీసుకి చెప్తాను. మా లైను మాకు విడగొట్టమని." ఎవరూ ఆపేలోగా విసురుగా దిగి వెళ్ళి, తన ఫోను ఎత్తింది. టెలిఫోను ఆఫీసువాళ్ళు ఎప్పటిలాగే పాట వినిపించారు. ఆవిడ రిసీవరు బల్ల మీద పెట్టి, ఆ పాట అయ్యేలోగా ఇంకో మాట అనొచ్చని మెట్ల దగ్గరికి వచ్చేసింది.

రెండో లైనూ పోయింది. మిగిలింది ఒకటి. పెట్టె ఆ ఒక్క లైనులో మాటనీ బొమ్మనీ రెండింటినీ మోయలేక, మాటని వదిలేసి బొమ్మని పట్టుకుంది. బొమ్మ చిన్నదైంది, కానీ ఆగలేదు. అవతల చదివే ఆయన నోరు కదులుతోంది. చప్పుడు రావడం లేదు.

అమ్మాయి చేతులు గాల్లో ఆగిపోయాయి. చెప్పడానికి మాట లేదు. ఆ రోజు ఆసుపత్రిలో తలుపు బయట నిలబడ్డట్టే ఉంది. లోపల ఎవరో చెప్తున్నారు, తనకి వినపడటం లేదు.

వినపడుతున్నది ఒక్కటే. వెనకాల జరుగుతున్నది.

తెర మీద పెద్దావిడ ముందుకి వంగింది. అమ్మాయి భుజం మీదుగా వెనక్కి చూపించి, చేతులతో అడిగింది. ‘వాళ్ళేం మాట్లాడుకుంటున్నారు?’

‘మా ఇంటివాళ్ళు. క్షమించండి, పంపేస్తాను’ అంది అమ్మాయి చేతులతోనే.

‘పంపొద్దు. చెప్పు. కలపకుండా, వదలకుండా.’

అమ్మాయి ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. తర్వాత చేతులు లేచాయి. ఎవరు మాట్లాడుతున్నారో ముందు చెప్పాలి కదా. తల్లి ఒక్కొక్కరికీ ఒక్కో సైగ పేరు పెట్టింది. ఆ పేర్లతోనే మొదలుపెట్టింది. పెద్దావిడ పెదాలు అదిరాయి. నవ్వు ఆపుకుంటోంది.

వెనక సంగతి వెనక్కి నడిచి చాలా దూరం పోయింది.

"లైను ఇవ్వమన్నప్పుడే నాకు అనుమానం. పంపకాలప్పుడూ ఇంతే. వాడు నోరెత్తడు, మనం ఇచ్చుకుంటూ పోవాలి" అంటున్నాడు తూనికలాయన.

"ఏమిచ్చావు పెద్దన్నయ్యా నువ్వు?" అద్దాలాయన చెయ్యి విసిరాడు. "లేత్ మిషన్ పక్క వాటా వాళ్ళకి తోసింది నువ్వే కదా? 'ఆవిడకి ఎలాగూ వినపడదుగా, ఎక్కడుంటే ఏం' అన్నది ఎవరు?"

"నేను అన్నానా? నువ్వు తలూపలేదా?"

"నువ్వు అన్నావు కాబట్టి ఊపాను."

"వాడికి వినపడుతుందనీ, పసిపిల్లకి వినపడుతుందనీ నీకు తట్టలేదా మరి?"

"నీకు తట్టిందా?"

"అందరికీ తట్టింది" అంది పెద్దమ్మ. "ఎవరు ముందు అంటారా అని చూశాం. మీరన్నారు. ఇప్పుడు నీతులెందుకు? ఆవిడ ఎదురుగానే కదా అన్నాం. వినపడదుగా."

అమ్మాయి చేతులు ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట వదల్లేదు. ‘ఆవిడకి ఎలాగూ వినపడదుగా’ అన్న చోట కూడా ఆగలేదు. ఎవరు అంటున్నారో వాళ్ళ భుజం, వాళ్ళ విసురు, వాళ్ళ కోపం తన ముఖంలోకి తెచ్చుకుంది. పై మెట్టు మీద తండ్రికి ఆ సైగలన్నీ అర్థమవుతున్నాయి. ఆ ఇంట్లో అర్థమయ్యేది ఆయనొక్కడికే. ఆపమనలేదు. గోడకి తల ఆనించి చూస్తూ కూర్చున్నాడు, చాలా రోజుల తర్వాత ఎవరో తనతో మాట్లాడుతున్నట్టు.

పెద్దావిడ నవ్వడం మానేసి చాలాసేపైంది. చెయ్యి ఎత్తి ఇంక చాలంది. పక్కాయనతో ఏదో చెప్పి, అమ్మాయి వైపు తిరిగింది.

‘డాక్టరు చదివినట్టు నిదానంగా ఎవరూ మాట్లాడరు. ఆసుపత్రిలో బంధువులు ఇలాగే మాట్లాడతారు. ముగ్గురూ ఒకేసారి. నువ్వు వచ్చే వారం నుంచి పనిలోకి రా.’

తెర ఆరింది. అమ్మాయి రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుని అలాగే ఉండిపోయింది.

"ఏమైంది?" అన్నాడు తూనికలాయన.

"ఉద్యోగం వచ్చింది పెదనాన్నా."

"వస్తుంది మరి. మా లైన్లు ఊరికే పోతాయా?" తూనికలాయన ఛాతీ విరుచుకుని పెట్టె వైపు చూపించాడు. "మొదటి నుంచి చివరిదాకా రెప్ప వెయ్యకుండా వెలిగింది, అదుగో, అది నాది."

టీ తాగడానికి పోయిన లైన్‌మాన్ అప్పుడే తిరిగొచ్చాడు. తూనికలాయన చూపిస్తున్న వేలు వెంబడే చూశాడు.

"అది కరెంటు దీపం అండీ. ప్లగ్గు పెడితే వెలుగుతుంది."

"మరి నాది?" అన్నాడు అద్దాలాయన. "మూడోది."

"అది కంప్యూటర్ తీగది. మధ్యది ఏదైనా లైను తెగితేనే వెలుగుతుంది. లేకపోతే వెలగదు, వెలగకూడదు. అయ్యో, వెలుగుతోందే! ఎవరు ఎత్తారండీ ఫోను?"

తూనికలాయన వాటాలోంచి టెలిఫోను ఆఫీసువాళ్ళ పాట సన్నగా వినిపిస్తోంది. అద్దాలాయన వాటాలో రిసీవరు పక్కన పెట్టింది పెట్టినట్టే ఉంది.

"అంటే కింద రెండూ పోయాయన్నమాట" అన్నాడు లైన్‌మాన్, తీగలు తడుముతూ. "సగం నుంచీ పై వాటా లైనొక్కటే లాక్కొచ్చింది. నయం, అది గట్టిది."

తూనికలాయన ముఖం ఎర్రబడింది. తప్పు జరిగిందని తెలిసినప్పుడు ఆయనకి ఎవరినో ఒకరిని కోప్పడాలి. తనని తప్ప.

"అది సరే. మేమిక్కడ మాట్లాడుకుంటుంటే నువ్వు చేతులు తిప్పుతూనే ఉన్నావు. వాళ్ళకి ఏం చెప్పావు?"

"మీరన్నదే పెదనాన్నా."

"ఏది?"

"అంతా. లేత్ మిషన్ సంగతి కూడా."

"మా ఇంటి గుట్టు ముక్కూ మొహం తెలియనివాళ్ళకి చెప్పావా? సిగ్గు లేదూ? పెద్దవాళ్ళు ఏదో అనుకుంటారు, అది విన్నచోటే వదిలెయ్యాలి!"

"నాకు అలవాటు లేదు పెదనాన్నా. చిన్నప్పటి నుంచీ మీరు అన్నవన్నీ అమ్మకి చెప్పేదాన్ని. సాయంత్రం మీరందరూ వసారాలో కూర్చుని మాట్లాడుకుంటుంటే, అమ్మ పక్కన కూర్చుని నేను చేతులు ఆడించేదాన్ని కదా. ఆడుకుంటున్నాననుకున్నారు మీరు."

పెద్దమ్మ చెయ్యి మెడ దగ్గరికి పోయింది. "అంటే... ఆవిడకి తెలుసా? మేమనుకున్నవన్నీ?"

"అన్నీ పెద్దమ్మా. ఆసుపత్రిలో డాక్టరు చెప్పింది ఒక్కటే తెలియలేదు. నేను లేనుగా అక్కడ."

పై వాటా పక్క లేత్ మిషన్ ఒకసారి అరిచి ఊరుకుంది. అద్దాలాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకోసాగాడు. అవి శుభ్రంగానే ఉన్నాయి.

"మా గురించి మొదలుపెట్టినప్పుడు ఆ పెద్దావిడ నవ్విందెందుకే?" అంది పెద్దమ్మ కాసేపటికి, గొంతు తగ్గించి. ఎంత దెబ్బ తిన్నా ఆవిడకి తెలుసుకోవాల్సింది తెలుసుకోవాలి.

"అమ్మ పెట్టిన సైగ పేర్లు చెప్పాను. బాబాయి ఇది." రెండు వేళ్ళతో కళ్ళ చుట్టూ సున్నాలు చుట్టింది. "మీరు ఇది." అరచెయ్యి చెవి దగ్గర పెట్టి, పక్క గోడకి ఆనించింది.

లైన్‌మాన్ నవ్వు ఆపుకోవడానికి పెట్టెలోకి తల దూర్చాడు.

"నేను?" అన్నాడు తూనికలాయన.

అమ్మాయి రెండు అరచేతులూ వెల్లకిలా ముందుకి చాచింది. ఒకటి పైకి లేచింది, ఒకటి కిందకి దిగింది.

తూనికలాయన ఆ సైగ గుర్తుపట్టాడు. తను ఎదురుపడినప్పుడల్లా మరదలు తమ్ముడి వైపు తిరిగి అలా చేసేది. పెద్దాయన వస్తున్నాడు, లేచి నిలబడు అని చెప్తోందనుకునేవాడు. ప్రతిసారీ తల పంకించి, సరే సరే అని ఆశీర్వదించి పోయేవాడు.

"త్రాసేగా" అన్నాడు కొంత ధైర్యం తెచ్చుకుని. "నా ఉద్యోగం చూసి పెట్టింది. మర్యాదగానే ఉంది."

పై మెట్టు మీద నుంచి తండ్రి ఆ రోజు మొదటిసారి నోరు తెరిచాడు.

"సరిగ్గా చూడన్నయ్యా. ఒక పళ్ళెం ఎప్పుడూ కిందకే ఉంటుంది."

తూనికలాయన తన వాటాలోకి వెళ్ళి, పాట పాడుతున్న ఫోను పెట్టేసి, తలుపు గడియ పెట్టుకున్నాడు. అద్దం ముందు నిలబడి రెండు చేతులూ చాచి చూసుకున్నాడు. టేపు తెచ్చి నేల నుంచి కొలిచాడు. మళ్ళీ చాచాడు.

ఎలా పెట్టినా ఒక చెయ్యి కిందకే వస్తోంది.